గొంతు తగ్గించు

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు దాటాయి. ఆదివారం పొద్దున టబ్‌లో కూర్చోబెట్టి తలంటు పోస్తున్నాను. తెనాలి నుంచి మా అమ్మ పంపిన సున్నిపిండిని చిన్న గిన్నెలో తడిపి వీపుకు రుద్దుతుంటే, మెడ తిప్పి తన భుజం చూసుకుంది.

"గట్టిగా రుద్దు అమ్మా. ఇంకా పోలేదు."

"ఏం పోలేదు?"

"బ్రౌన్. నాది బ్రౌన్ పోలేదు."

ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. ముందురోజు సాయంత్రం మాకు దగ్గర్లోని పిస్కాటవేలో స్నేహితుల ఇంట్లో పుట్టినరోజు పార్టీ. అక్కడొక ఆంటీ దీని బుగ్గ పుణికి, "పిల్ల కళగా ఉందమ్మా. సున్నిపిండి రాస్తున్నావా? మానకుండా రాస్తే కాస్త రంగు తేలుతుంది," అంది. ఆవిడ ప్రేమగానే అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. నాలుగేళ్ల పిల్లకు ఆ తెలుగంతా అర్థమైందని నాకు తట్టలేదు.

ఆ గిన్నెలో మిగిలిన పిండిని సింకులో పారబోసి, పిల్లను తువ్వాలులో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "నీ రంగు చాలా బావుంటుంది నాన్నా" అన్నాను. అది నా చెయ్యీ తన చెయ్యీ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

నేను చదువుకోవడానికి అమెరికా వచ్చి, మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరాను. ల్యాబ్‌లో మెషీన్లు మొరాయిస్తే బాగుచేయడానికి వచ్చేవాడు మా ఆయన. నల్లజాతి అమెరికన్. ఎవరూ లేనప్పుడు మెషీన్లతో మాట్లాడుకునేవాడు, "నీకేమైంది చెప్పు" అని. అది విని నవ్వడంతో మా పరిచయం మొదలైంది. పెళ్లయ్యాక మా నాన్న చాలాకాలం మాట్లాడలేదు. మనవరాలు పుట్టాక అమ్మ ఫోన్ చేయడం మొదలుపెట్టింది, తర్వాత పార్సెళ్లు. ఆ పార్సెళ్లలోనే వచ్చింది సున్నిపిండి. మనవరాలికి ఏదో ఒకటి చేయాలన్న తాపత్రయం తప్ప అందులో వేరే ఉద్దేశం లేదని నాకు తెలుసు.

ఆ వారమే మా అత్తగారింటికి వెళ్లాను. పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక పక్క ఊళ్లో రెండంతస్తుల పాత ఇంట్లో ఒక్కతే ఉండేది. పెళ్లైన కొత్తలో తన పిల్లలు పిలిచినట్టే నన్నూ 'మామా' అని పిలవమంది. మా భాషలో మామ అంటే మగవాడని చెబితే పడీపడీ నవ్వి, అయితే మీరేమంటారో అలాగే పిలువు అంది. అప్పట్నుంచీ నాకు ఆమె అత్తయ్య. ఆ పిలుపు వినపడితే పక్కవాళ్లకు గొప్పగా అర్థం చెప్పుకునేది. ఆమె మాట్లాడిన ఇంగ్లీషు నాకు మనసులో ఎలా వినిపించేదో ఆ తెలుగులోనే రాస్తున్నాను.

టబ్ సంగతి చెబుతుంటే కోప్పడుతుందనుకున్నాను. కాఫీ కప్పు కింద పెట్టి, "ఇంత తొందరగానా?" అంది. "మావాడికి రెండో తరగతి దాకా రాలేదు."

అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జ్వరం గురించి అడిగినట్టు అడిగింది. తర్వాత, "శనివారం తీసుకురా. జుట్టు విప్పకుండా తీసుకురా, నేనే విప్పుతాను," అంది.

ఆమె వెళ్లే చర్చికి నేలకింద ఒక హాలుంది. మడత కుర్చీలు, కాచి కాచి మాడిన కాఫీ వాసన, సగం వెలిగే ట్యూబ్‌లైట్లు. మా ఆయన చిన్నప్పుడు అక్కడ ఆమె పిల్లల్ని పోగేసి శనివారం బడి నడిపిందట. మధ్యలో మానేసిన ఆ బడిని మా అమ్మాయి కోసం మళ్లీ తెరిచింది. చర్చి వాళ్ల పిల్లలు ఓ అరడజను మంది వచ్చేవాళ్లు, అందులో కవలలిద్దరు. నేను పులిహోర చేసి పట్టుకెళ్లేదాన్ని. పిల్లలు దాన్ని ఎల్లో రైస్ అనేవాళ్లు, పల్లీలు ఏరుకుని ముందు తినేసేవాళ్లు.

మొదట ఆడపిల్లల జుట్టు. ఒక్కొక్కరినీ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నూనె రాసి, దువ్వెన తోకతో పాపిళ్లు తీసి, సన్నని జడలు అల్లి చివర్న పూసలు గుచ్చేది. మా ఇళ్లల్లో జడ వేసేటప్పుడు పిల్ల కదిలితే నెత్తిన మొట్టికాయ పడుతుంది. ఆమె దగ్గర కదిలితే కథ ఆగిపోయేది. అందుకని పిల్లలు రాళ్లలా కూర్చునేవాళ్లు. కథలన్నీ ఆమె సొంతవాళ్లవే. వాళ్ల అమ్మమ్మ దుప్పట్లో ఇనప పెనం ఒకటి చుట్టుకుని అమెరికా దక్షిణాది నుంచి రైలెక్కి వచ్చిందట. ఊరివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి బతికిందట. నడివయసులో, కొడుకు బడిపుస్తకం పెట్టుకుని వాడిచేతే అక్షరాలు నేర్చుకుందట.

జడలయ్యాక పిల్లలు ఒక్కొక్కరే చెక్కపెట్టె ఎక్కి నిలబడాలి. వీపు నిటారుగా, గడ్డం పైకి, చూపు సూటిగా ఎదుటివాళ్ల కళ్లల్లోకి. "నువ్వెవరివి?" అని ఆమె అడిగేది. పిల్లలు తాము ఎవరి బిడ్డలో, ఎవరి మనవలో, వాళ్లు ఏం చేసి బతికారో గట్టిగా చెప్పాలి. అది వింటుంటే నాకు మా నాన్న సంధ్యవార్చేటప్పుడు చెప్పుకునే ప్రవర గుర్తొచ్చేది. ఆ ప్రవరలో ఒక్క ఆడమనిషి కూడా ఉండేది కాదు. మా అమ్మాయి ప్రవరలో అందరూ ఆడవాళ్లే. ఒకరోజు అత్తయ్య నన్ను, "మీ అమ్మమ్మ ఏం చేసింది?" అని అడిగింది. చదువు రాకపోయినా ఒంటరిగా కోర్టుల చుట్టూ తిరిగి తన పొలం నిలబెట్టుకుందని చెప్పాను. మరుసటి శనివారానికి ఆవిడ కూడా మా అమ్మాయి వరసలో చేరిపోయింది.

ఎవరైనా మెల్లగా చెబితే అత్తయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వెనక వరసకు వినపడలేదు," అనేది. వెనక వరసలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని, పులిహోర గిన్నె పట్టుకుని. మా అమ్మాయి మెడ నరాలు ఉబ్బేలా మళ్లీ చెప్పేది. హాలు మారుమోగిపోయేది.

ఏడాది తిరిగేసరికి పిల్ల మారిపోయింది. మళ్లీ ఏదో పార్టీలో, అదే ఆంటీ రంగు మాట ఎత్తబోతే, తన వచ్చీరాని తెలుగులో, "ఆంటీ, ఇది నాది రంగు. గ్రాండ్‌మాది రంగు. ఇది పోదు," అని చెప్పేసింది. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. "అబ్బో, పొగరే!" అంది ఆంటీ. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించనంత సంతోషమైంది. ఆ చలికాలమే అధ్యక్షుడుండే తెల్లభవనంలోకి ఒక నల్లకుటుంబం, ఇద్దరు ఆడపిల్లలతో అడుగుపెట్టింది. అత్తయ్య టీవీ ముందు కూర్చుని శబ్దం లేకుండా ఏడ్చింది. మా అమ్మాయి ఆమె మోకాలు పట్టుకుని, "వాళ్లకి కూడా గ్రాండ్‌మా జడలు వేస్తుందా?" అని అడిగింది. ఇక ఈ పిల్లకు భయం లేదని నేను గట్టిగా నమ్మాను.

తర్వాత ఇల్లు కొనాలనుకున్నాం. మా తెలుగువాళ్లలో ఇల్లంటే స్కూలే; ఏ ఏరియాలో కొంటే పిల్లలకు ఆ ఏరియా స్కూలే. ఒక స్నేహితురాలు ఫోన్లో జాగ్రత్తలు చెబుతూ, "నల్లోళ్లుండే ఏరియాలో మాత్రం చూడకండి, స్కూల్స్ అస్సలు బావుండవ్," అంది. మరుక్షణంలోనే, "అయ్యో, నీ సంగతి కాదులేవే!" అని నాలిక్కరుచుకుంది. మంచి స్కూలున్న చోటే కొన్నాం. మూడో తరగతిలో చేరేసరికి ఆ క్లాసు మొత్తానికి నల్లపిల్ల మా అమ్మాయి ఒక్కతే.

చలి ముదరకముందే టీచర్ మమ్మల్ని పిలిపించింది. చిన్న కుర్చీల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. టీచర్ మంచిదే, నవ్వుతూనే మాట్లాడింది.

"మీ అమ్మాయి చాలా... కాన్ఫిడెంట్," అంది.

ఆమె నోట ఆ మాట ఒక జబ్బు పేరులా వినిపించింది.

"ఏం చేసింది?" అని అడిగాను.

"ఏదో చేసిందని కాదు. గొంతు పెద్దది. మందలిస్తే కళ్లు దించదు, సూటిగా చూస్తుంది. మిగతా పిల్లలు కాస్త భయపడుతున్నారు."

"మిగతా పిల్లలు గట్టిగా మాట్లాడరా?"

"మాట్లాడతారు. కానీ ఇది వేరు. ఆ నిలబడే తీరు..." అని చేతులతో ఏదో చూపించబోయి ఆపేసింది. కుదురుకునేదాకా చదవడంలో వెనకబడినవాళ్లుండే కింది రీడింగ్ గ్రూపులో కూర్చోబెడతానని చెప్పింది. అప్పటికే లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని చదివే పిల్ల.

ఇంటికి రాగానే మా ఆయన పిల్లను వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"స్కూల్లో గొంతు తగ్గించు. టీచర్ మాట్లాడుతుంటే చేతులు బల్లమీద పెట్టుకో. తప్పు నీది కాకపోయినా ముందు సారీ చెప్పెయ్. తర్వాత ఇంటికొచ్చి నాకు చెప్పు."

"గ్రాండ్‌మా అలా చెప్పలేదు డాడీ."

"గ్రాండ్‌మా బడి వేరు. ఈ బడి వేరు."

పిల్ల నావైపు చూసింది. నేను ఏదో ఒకటి అనాలని ఎదురుచూస్తోంది. నేను దాని స్కూలు బ్యాగు తీసి గోడకు తగిలించాను.

శనివారం చర్చికి వెళ్లేముందు అత్తయ్య ఇంటి దగ్గర ఆగాం. పిల్ల లోపలికి పరుగెత్తుకెళ్లి అన్నీ చెప్పేసింది. అత్తయ్య దాన్ని మేడమీదికి పంపించి కొడుకువైపు తిరిగింది.

"నేను నిటారుగా నిలబెడుతుంటే నువ్వు వంచుతున్నావా?"

"నన్నూ అలాగే నిలబెట్టావు కదమ్మా. ఏమైందో నీకు తెలుసు."

ఏమైందో నాకు తెలియదు. పదేళ్ల కాపురంలో ఆయనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆ వంటింట్లో, సింకుకు చేరగిలబడి, నాకోసం అన్నట్టు మొదటినుంచీ చెప్పాడు. హైస్కూల్లో ఉండగా సాయంత్రాలు ఒక షాపులో పనిచేసి నడిచి ఇంటికొస్తుంటే పోలీసు కారు పక్కన ఆగిందట. ఎక్కడికని అడిగితే, తల్లి నేర్పినట్టే సూటిగా చూసి, "మా ఇంటికి. ఎందుకడుగుతున్నారు?" అన్నాడట. అంతే అన్నాడట. స్టేషన్‌కు తీసుకెళ్లి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచారు. ఏ కేసూ లేకుండానే వదిలేశారు. కానీ ఆ పొద్దునే కాలేజీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ. మళ్లీ పిలవమని ఎన్నిసార్లు అడిగినా వాళ్లు పిలవలేదు. ఇంజనీరింగ్ చదవాల్సినవాడు మెషీన్ల రిపేరు కోర్సులో చేరాడు.

అత్తయ్య కుర్చీలో కూలబడింది. "నేను నిన్ను నిలబెట్టింది వాళ్లు పడగొట్టడానికి కాదు," అంది.

"తెలుసమ్మా. కానీ పడగొట్టారుగా."

"అయితే దీన్ని ముందే పడుకోబెట్టేస్తావా?"

"క్షేమంగా ఇంటికొస్తే చాలు నాకు."

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఎవరిదైనా ఒకరిది తప్పని తేలి ఉంటే ఆ పక్కన నిలబడి పోట్లాడేదాన్ని. ఆ రోజు తల్లీకొడుకుల మధ్య నిలబడి, చల్లారిన కాఫీ కప్పులు తీసి కడగడం తప్ప నాకింకేం తోచలేదు.

కొంతకాలం పిల్ల రెండూ నేర్చుకుంది. వారమంతా చిన్న గొంతు, శనివారం పెద్ద గొంతు. తర్వాత శనివారం కూడా గొంతు పెగిలేది కాదు. చెక్కపెట్టె ఎక్కి మొదలుపెట్టేముందు తలుపువైపు చూసేది, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు. అత్తయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే కళ్లు దించేది.

ఈలోగా కవలల తల్లి అద్దెలు భరించలేక జార్జియా వెళ్లిపోయింది. ఆ పై శరదృతువులో వచ్చిన తుఫానుకు చర్చి కింది హాలంతా నీళ్లు నిండాయి. నీళ్లు తోడేశాక గోడలకు బూజు పట్టింది. బాగుచేయిస్తామని అన్నారు, చేయించలేదు. అత్తయ్య తన ముందుగదిలో కుర్చీలు వేసింది. రెండు వారాలు ఎవరో ఒకరు వచ్చారు. తర్వాత మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్లకోసం చెక్కపెట్టె ఎందుకని దాన్ని గరాజ్‌లో పెట్టేశారు.

అయిదో తరగతిలో ఉండగా పిల్ల జుట్టు సాపు చేయించమని అడిగింది. క్లాసులో వెనక కూర్చున్న అమ్మాయి, బోర్డు కనపడటం లేదు నీ జుట్టు అడ్డం తియ్యమందట. ఎవరో జుట్టులో పెన్సిల్ గుచ్చి, గుచ్చినట్టు కూడా తెలియలేదని నవ్వారట. ఇవన్నీ చాలా రోజుల తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం "నాకు స్ట్రెయిట్ కావాలి" అనే మాట తప్ప ఇంకేం చెప్పలేదు. నేను వద్దన్నాను, బతిమాలాను. చివరికి అదే ఫోన్ తీసి గ్రాండ్‌మాను అడిగింది.

అత్తయ్య తీసుకురమ్మంది. పొయ్యిమీద ఇనప దువ్వెన కాల్చి, చెవి అంచు మడిచి పట్టుకుని, పాయ పాయగా తనే సాపు చేసింది. "వేరేవాళ్ల చేతుల్లో నెత్తి కాలడం కంటే నా చేతిలో నయం," అంది నాతో. వేడి నూనె పొగ వంటింట్లో కమ్ముకుంది. పిల్ల కదలకుండా కూర్చుంది. ఆ రోజు కథ చెప్పలేదు.

పిల్ల అద్దం చూసుకోవడానికి వెళ్లాక, "కోపం రాలేదా అత్తయ్యా?" అని అడిగాను.

"ఓపిక లేదు," అంది దువ్వెన తుడుస్తూ. "నా కొడుక్కి చెప్పాను. ఊళ్లో పిల్లలకు చెప్పాను. ఇప్పుడు దీనికి. ప్రతిసారీ మొదటినుంచే చెప్పాలి. మనకు వారానికొక పూట. వాళ్లకు వారమంతా."

ఆమె ఎప్పుడూ అంత తగ్గి మాట్లాడటం వినలేదు నేను. ఆమె ధైర్యం చెబుతుందని అలవాటుపడిపోయి, ఆమెకు చెప్పాల్సిన రోజొకటి వస్తుందని అనుకోలేదు. "అలా అనకండి" అన్నాను. మర్యాదకు అన్నట్టే ఉంది.

ఆ ఏడాది స్కూల్లో టీచర్ మా అమ్మాయిని మెచ్చుకుంది. "ఎంత మంచి పిల్లో! క్లాసులో ఉన్నట్టే తెలియదు." మా ఆయన థాంక్స్ చెప్పాడు. నేనూ చెప్పాను. ఆయన మొహంలో నిజంగానే ఊరట కనిపించింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కానీ ఊరట నాకూ కలిగింది.

పిల్లకు పన్నెండో ఏట, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక, అత్తయ్య ఇల్లు అమ్మేసి దక్షిణ కరోలినాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధపడింది. చర్చివాళ్లు ఆదివారం ప్రార్థన తర్వాత వీడ్కోలు పెట్టారు. శనివారం బడిలో చదివినవాళ్లెవరైనా మాట్లాడవచ్చన్నారు. మా అమ్మాయి తనంతట తనే మాట్లాడతానంది. మాకు ఆశ పుట్టింది. కారులో దారిపొడుగునా పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంది. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

పేరు పిలిచారు. లేచి వెళ్లి మైకు ముందు నిలబడింది. అత్తయ్య మొదటి వరసలో, పెద్ద టోపీ పెట్టుకుని, తల పైకెత్తి కూర్చుంది. పిల్ల నోరు తెరిచింది. "మా గ్రాండ్‌మా నాకు..." అన్నది నాకు వినపడింది. తర్వాతి మాటలు వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి. మైకులో గాలి చప్పుడే వస్తోంది. ఆ చర్చిలో ఎవరైనా తడబడితే జనం ఊరుకోరు, ప్రేమగా మాట అందిస్తారు. "నిదానంగా తల్లీ," "మేం వింటున్నాం బిడ్డా," అని వెనకనుంచి గొంతులు వచ్చాయి. ఆ గొంతులకు పిల్ల ఇంకా బెదిరింది. చేతులు రెండూ తీసి ముందున్న బల్లమీద పెట్టుకుంది.

"సారీ," అంది. అది మాత్రం అందరికీ స్పష్టంగా వినపడింది.

ఎవరూ ఏమీ అనలేదు దాన్ని. వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. అత్తయ్య అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది, చేతులు నొప్పెట్టేలా కొట్టింది. మా ఆయన కూతురి భుజంమీద చెయ్యి వేసి, తన బూట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. భోజనాలప్పుడు మా దగ్గరికొచ్చి కొడుకు పక్కన కూర్చుంది అత్తయ్య. ఆయన ఏదో చెప్పబోతే, "తిను, చల్లారిపోతుంది," అని ఆయన ప్లేటులో కూర వడ్డించింది. తర్వాత వాళ్లిద్దరూ ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె కరోలినాలో ఉంది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. మా అమ్మాయి తీసుకుని, "బావున్నాను గ్రాండ్‌మా. స్కూల్ బావుంది. లవ్ యూ," అని ఫోన్ నా చేతికిచ్చి తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. తలుపు చప్పుడు కూడా కాదు.

"ఏమైనా చెబుతోందా నీతో?" అని అడుగుతుంది అత్తయ్య.

"లేదు అత్తయ్యా."

"తింటోందా?"

"తింటోంది," అంటాను.